అంటు ఎవరిది? గత్తర నుంచి కరోనా దాకా



ఈ వారం వ్యాసం ఒక విద్యార్థిని ప్రశ్న నుంచి పుట్టింది. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి. విద్యార్థి మిత్రులు తప్పక చదవండి.

వానాకాలం. జహీరాబాద్‌లో ఇంటికొక జ్వరం. డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో సమాసాలు చెబుతూ, ఉదాహరణకి బోర్డు మీద ‘అంటువ్యాధి’ అని రాశాను. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. “మేడం, అంటువ్యాధిలో ఉన్న అంటు, అంటరానితనంలో ఉన్న అంటు ఒక్కటేనా?”

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

క్లాసయ్యాక స్టాఫ్‌రూం బయట నిలబడి అసలు సంగతి చెప్పింది. వాళ్లమ్మ కాంట్రాక్టు మీద వీధులు ఊడుస్తుంది. ఊర్లో డెంగీ మొదలైనప్పటి నుంచి ఇద్దరు స్నేహితురాళ్లు ఈ పిల్ల సీసాలో నీళ్లు తాగడం మానేశారు. “మీ అమ్మ మోరీలు తీస్తది గదా, మాకు అంటుకుంటది” అన్నారట. డెంగీ నీళ్ల సీసాతో రాదు. దోమతో వస్తుంది. ఆ ఇద్దరూ ఇంటర్లో సైన్స్ చదివిన వాళ్లే. పరీక్షలో అడిగితే ఏడిస్ దోమ అని సరిగ్గానే రాస్తారు.

నా డాక్టరేట్ తెలుగు సాహిత్యంలో. వైద్యంలో కాదు. కానీ ఆ అమ్మాయి అడిగింది ఒక మాట గురించి. మాటకి లెక్క చెప్పాల్సింది తెలుగు టీచరే.

*

అంటు అంటే తగలడం, అతుక్కోవడం. ఈ చిన్న మాట మన భాషలో ఎన్ని ఇళ్లు తిరిగిందో చూడండి. నిప్పు అంటుకుంటుంది. తిన్న గిన్నెలు అంట్లు. చావు జరిగిన ఇంటికి అంటు. రోగం అంటురోగం. మనిషి అంటరానివాడు. ఆడవాళ్ల నెలసరికి వాడే ‘ముట్టు’ కూడా తాకడమే. అంట్లు తోమే చెయ్యి, ముట్టులో ఉన్న ఆడది, వాడలో పుట్టిన మనిషి, ప్రాణం తీసే జబ్బు, అందరినీ తెచ్చి ఒకే పందిరి కింద కూర్చోబెట్టింది ఈ భాష. తోటమాలి ఒక్కడే ఈ మాటని మంచికి వాడాడు. మామిడికి అంటు కడితే కాయ తీపి అన్నాడు.

మోసం ఇక్కడే ఉంది. రెండు వేరువేరు సంగతులకి ఒకే మాట అయ్యేసరికి, రెండూ ఒకటేనని బుర్రలోకి ఎక్కింది. ఒకటి, ఒక శరీరం నుంచి ఇంకో శరీరానికి సూక్ష్మజీవి పోవడం. దానికి కారణం ఉంది, దారి ఉంది, చాలావాటికి మందు కూడా ఉంది. రెండోది, పుట్టుకని చూసి మనిషిని దూరం పెట్టడం. దానికి జబ్బుతో సంబంధం లేదు. దాన్ని నిలబెట్టినవాళ్లకి దానివల్ల లాభం ఉంది, అంతే.

2020లో మీ ఫోన్లకీ వచ్చి ఉంటాయి ఆ మెసేజీలు. “చూశారా, మన పెద్దల మడి, ఆచారం, దూరం అంతా సైన్సే. దండం పెట్టడమే గొప్ప, చెయ్యి కలపడం కాదు.” అంటే అంటరానితనం పరిశుభ్రత కోసం వచ్చిందని చెప్పకుండా చెప్పడం. ఈ వాదనని ఊరికే తిట్టి వదిలేయకూడదు. పరీక్ష పెట్టి చూడాలి.

పరీక్ష మన జొన్న చేనులోనే ఉంది. ఈ నల్లరేగడిలో జొన్న విత్తింది ఎవరు? కలుపు తీసింది, కంకి కోసింది, కొట్టి మూట కట్టింది ఎవరు? మన అమ్మలు, అవ్వలు. ఆ జొన్నలు ఊర్లో పెద్దింటి గాదెలోకి నేరుగా పోయాయి. వాటికి అంటు లేదు. అవే జొన్నలు విసిరి, అదే చేత్తో మన అమ్మ రొట్టె చేస్తే మాత్రం అంటు. సూక్ష్మజీవికి ఇంత తెలివి ఉంటుందా? గింజ మీద ఉన్నప్పుడు ఊరుకుని, రొట్టె మీదకి రాగానే లేస్తుందా? పని కావాల్సిన చోట అంటు ఉండదు. సమానంగా కూర్చోవాల్సిన చోట అంటు మొదలవుతుంది. ఇది సైన్స్ కాదు.

*

ఇక అసలు జబ్బుల సంగతి. మా అవ్వ దగ్గర మొదలుపెడతాను.

మా అవ్వకి కలరా అనే మాట తెలియదు. ఆమె మాట గత్తర. ఇప్పటికీ మన దగ్గర తిట్టుగా మిగిలింది ఆ మాట. రజాకార్ల గడబిడకి ముందు, ఈ ప్రాంతమంతా ఇంకా బీదర్ జిల్లాలో ఉన్నప్పుడు, ఆమె చిన్నపిల్లగా చూసిన గత్తర గురించి చెప్పేది. “పొద్దున కక్కుడు, పెట్టుడు సురువైతే పొద్దూకంగ పీనుగ. మా వాడల పొయ్యి ఎల్గని ఇండ్లు ఎన్నో. బొంద తవ్వేటోడు గూడ బొందలకే పాయె.”

అప్పుడు ఊరు ఏం చేసింది? పోచమ్మకి చేసింది. ఊరు తప్పు చేసిందని నేను అనను. మందు లేనప్పుడు మనిషి ఏదో ఒక పేరు పెట్టి పిలుచుకోవాలి. పోచమ్మ మన తల్లి. ఆమె గుడిలో పూజారి పెత్తనం లేదు, వేప చెట్టు నీడ ఉంది. కానీ ఆ తంతులో ఎవరి పని ఏమిటో గమనించండి. బలి ఇచ్చిన రక్తం కలిపిన అన్నం, దాన్ని పొలి అంటారు, రాత్రిపూట ఊరి పొలిమేర చుట్టూ తిరిగి చల్లాలి. జబ్బు సరిహద్దు దాకా వచ్చి నిలబడిందని నమ్మే ఊరు, ఆ సరిహద్దుకి పంపింది మనల్ని. చాటింపు డప్పు మనది. పీనుగుల పని మనది. పొలిమేర కాపలా మనది. ఊరి లోపలికి రావద్దన్న మనుషులనే ఊరికి అడ్డంగా నిలబెట్టారు.

గత్తర దారి నీళ్లు. రోగి మలంలోని సూక్ష్మజీవి నీటిలో కలిసి, ఆ నీరు తాగిన మనిషి పేగుల్లో చేరుతుంది. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టర్ బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టూ చనిపోయినవాళ్ల ఇళ్లు లెక్కగట్టి, వాళ్లలో చాలామంది ఒకే బోరింగు నీళ్లు తాగారని చూపించాడు. ఆ బోరింగు పిడి తీయించాడు. అప్పటిదాకా పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చెడు గాలి వల్లే కలరా అనేవాళ్లు. 1884లో రాబర్ట్ కోచ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కలకత్తాలో చెరువు నీళ్లను కూడా పరీక్షించి, కామా ఆకారంలో ఉండే ఆ సూక్ష్మజీవిని నిర్ధారించాడు.

దీన్ని ఇప్పుడు మన ఊర్లోకి తెచ్చుకోండి. ఊరబావిలో చేద వేసే హక్కు మనకి లేదు. ఎవరైనా పోస్తే దోసిలి పట్టాలి. లేకపోతే వాగు, చెలిమె, పశువులు దిగే కుంట. అంటే గత్తర సూక్ష్మజీవికి కులం తెలియకపోయినా, మనం ఏ నీళ్లు తాగాలో కులం ముందే రాసిపెట్టింది. వాడలో ఎక్కువమంది చచ్చిపోతే, “వాళ్లు మురికోళ్లు, అందుకే” అన్నారు. బావి ఇవ్వనివాడే మురికి అన్నాడు.

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ మహాడ్‌లో వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత అగ్రకులాలు ఆ చెరువుని ‘శుద్ధి’ చేశాయి. ఎలా? 108 కుండలతో ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి పోసి. ఆగి ఆలోచించండి మిత్రులారా. కలరా నీళ్ల ద్వారా, మలం ద్వారా వస్తుందని ప్రపంచానికి తెలిసి అప్పటికి నలభై ఏళ్లు దాటింది. మనిషి దోసిలి తగిలిన నీళ్లు అంటయ్యాయి. పేడ కలిపిన నీళ్లు శుద్ధి అయ్యాయి. కులానికి జబ్బు గురించి పట్టింపు లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

*

రెండో జబ్బు మనకి మరీ దగ్గరిది. దొమ్మ. పశువుల డాక్టర్లు ఆంత్రాక్స్ అంటారు.

ఒక జబ్బుకి ఒక నిర్దిష్టమైన సూక్ష్మజీవే కారణమని ప్రపంచంలో మొట్టమొదట పక్కాగా రుజువైన జబ్బుల్లో ఇది ఒకటి. అదీ కోచ్ పనే, 1876లో. దొమ్మ వచ్చిన పశువు ఉన్నట్టుండి పడి చస్తుంది. ముక్కు, నోరు, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంది. ఆ పశువుని కోయకూడదు, వలవకూడదు. కోస్తే దాని రక్తంలోని సూక్ష్మజీవి గాలి తగిలి గట్టి పెంకు కట్టుకుని, విత్తనంలా మారి, మట్టిలో పదుల ఏళ్లు బతుకుతుంది. వలిచిన చేతికి చిన్న గాయం ఉన్నా చాలు, అక్కడ పుండు లేచి మధ్యలో బొగ్గులా నల్లబడుతుంది. ఆంత్రాక్స్ అనే పేరుకి మూలమైన గ్రీకు మాటకి అర్థం బొగ్గే.

మన దేశంలో చచ్చిన పశువుని లాగింది ఎవరు? వలిచింది ఎవరు? తోలు శుద్ధి చేసి, చెప్పు కుట్టి, మోటబావికి తోలు తొండం కట్టి ఊరికి నీళ్లు పారించింది ఎవరు? మాదిగలు. ఇంగ్లండులో ఉన్ని మిల్లుల కార్మికులకి ఇదే సూక్ష్మజీవి ఊపిరితిత్తుల్లో చేరి చంపేస్తే, దానికి ‘ఉన్ని ఏరేవాళ్ల జబ్బు’ అని పేరు పెట్టారు. పనివల్ల వచ్చిన జబ్బు అని ఒప్పుకున్నారు, నియమాలు తెచ్చారు. మన దగ్గర అదే పని చేసి పుండు లేచిన మనిషిని పనివల్ల జబ్బుపడ్డాడు అనలేదు. పుట్టుకతోనే అంటు అన్నారు.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలుల గురించి ఏం చెబుతుందో చూడండి. వాళ్ల నివాసం ఊరి బయట. వాళ్ల బట్టలు చచ్చినవాళ్ల మీద నుంచి తీసినవి. ఏ జబ్బుతో చచ్చాడో తెలియని మనిషి ఒంటి మీది బట్టని బతికున్న మనిషికి కట్టించడం! సాహిత్యం చదివిన దానిగా చెబుతున్నాను, ఇది శుభ్రత రాసిన చెయ్యి కాదు. ప్రమాదాన్ని ఎవరి ఒంటికి చుట్టాలో రాసిన చెయ్యి. అంటు మన దగ్గర పుట్టలేదు. తెచ్చి మనకి కప్పారు.

*

ఇప్పుడు ఒక్క సంవత్సరం దగ్గర ఆగుదాం. 1897.

అంతకు ముందు ఏడాది బొంబాయిలో ప్లేగు దిగింది. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్ తెచ్చింది. నాలుగే నాలుగు సెక్షన్లు. రైళ్లలో జనాన్ని తనిఖీ చేయడం, అనుమానం ఉన్నవాళ్లని విడిగా పెట్టడం, మాట విననివాళ్లని శిక్షించడం, చివరగా ఈ పనులు చేసిన అధికారుల మీద ఎవరూ కేసు వేయకుండా రక్షణ. రోగికి ఏం అందాలో ఆ నాలుగు సెక్షన్లలో ఎక్కడా లేదు.

అదే సంవత్సరం పుణెలో సావిత్రీబాయి ఫూలే ఏం చేశారు? డాక్టరైన కొడుకు యశ్వంత్‌తో కలిసి ఊరి బయట ప్లేగు రోగులకి చికిత్స చేసే చోటు నడిపారు. ముంఢ్వా దగ్గర మహర్ వాడలో ఒక పిల్లవాడికి ప్లేగు సోకితే, అరవై ఆరేళ్ల వయసులో ఆ పిల్లవాడిని వీపున వేసుకుని మోసుకొచ్చారు. ఆ సేవలోనే ప్లేగు సోకి మార్చి 10న కన్నుమూశారు. ప్లేగు ఎలుకల ఒంటి మీద బతికే, ఎగిరి దూకే చిన్న పురుగు కాటుతో వస్తుందని పాల్ లూయీ సిమాండ్ కరాచీలో చూపించింది ఆ మరుసటి ఏడాది, 1898లో. ఊపిరితిత్తులకి ఎక్కితే దగ్గు తుంపరలతోనూ వస్తుంది. అది ఏ దారిన వస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లో, తాకితే చస్తామని అందరూ పారిపోతున్న రోజుల్లో, అంటరాని పిల్లవాడిని ఆమె వీపుకి ఎత్తుకున్నారు.

పుణె ప్లేగు అంటే మన పాఠ్యపుస్తకాలకి గుర్తొచ్చేది ప్లేగు అధికారి రాండ్, అతన్ని చంపిన చాపేకర్ సోదరులు, తిలక్. అదే ఊర్లో, అదే ఏడాది, అదే ప్లేగులో మన తల్లి చనిపోయిన సంగతి నేను డిగ్రీ పూర్తయ్యేదాకా చదవలేదు. నాకు ఎవరూ చెప్పలేదు.

అదే 1897, ఆగస్టు 20. ఈసారి మన సికింద్రాబాద్. బేగంపేట సైనిక ఆస్పత్రిలో రోనాల్డ్ రాస్ అనే ఆర్మీ డాక్టర్ ఒక దోమ కడుపు కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి కనపడింది. మలేరియా అంటేనే ఇటాలియన్‌లో చెడు గాలి అని అర్థం. చెడు గాలి కాదు, దోమ అని తేలడానికి దారి తెరుచుకున్నది మన గడ్డ మీద. తర్వాత ఏడాది కలకత్తాలో పక్షుల మీద రాస్ ఆ జీవిత చక్రాన్ని పూర్తిగా చూపించాడు. ఆడ అనాఫిలిస్ దోమే మనుషులకి మలేరియాని మోస్తుందని ఇటలీ శాస్త్రవేత్తలు తేల్చారు. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

కానీ ఆ దోమ తాగిన రక్తం ఎవరిది? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిది. ఆయన్ని దోమతెర లోపల పడుకోబెట్టి దోమల్ని వదిలారు. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా. ఒక పేద రోగి తన ఒళ్లు దోమలకి అప్పజెప్పి అణాలు తీసుకుంటే, ఒక శాస్త్రం నిలబడింది. రాస్‌ని నేను తక్కువ చేయడం లేదు, ఆయన కష్టం నిజం. కానీ హుసేన్ ఖాన్ పేరు పాఠంలో ఎందుకు లేదు? అదే ఏడాది జనవరిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త బొంబాయిలో ప్లేగు టీకాని ముందు తన మీద ప్రయోగించుకున్నాడు. తర్వాత వేయించుకున్నది ఎవరు? బైకుల్లా జైలు ఖైదీలు.

ఒకే ఏడాది మూడు దారులు కనపడతాయి. చట్టం మనిషిని పట్టుకుంది. శాస్త్రం దోమని పట్టుకుంది. సావిత్రీబాయి రోగిని పట్టుకున్నారు. ఇవాళ్టికీ ఏ అంటువ్యాధి వచ్చినా ఈ మూడింటిలో ఏది ముందు వస్తుందో చూడండి, ఆ పాలన ఎవరిదో తెలిసిపోతుంది.

*

ప్లేగు హైదరాబాద్ నగరంలోకీ వచ్చింది. 1908 మూసీ వరద నుంచి ఇంకా తేరుకోకముందే, 1911లో. ఆ రెండు దెబ్బల తర్వాతే 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసి వీధులు వెడల్పు చేశారు. ప్లేగు పారిశుద్ధ్యం గురించి పాలకులకి పాఠం చెప్పిందని చరిత్రకారులు రాస్తారు. నిజమే.

కానీ రోగి పక్కన కూర్చున్నది ఎవరు? భాగ్యరెడ్డి వర్మ అప్పటికే జగన్మిత్ర మండలి పెట్టి, దాన్ని మాన్య సంఘంగా మార్చారు. ఆ సంఘం కుర్రాళ్లు స్వచ్ఛంద దళంగా ఏర్పడి ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో రోగులకి సేవ చేశారు. దిక్కులేని శవాలకి అంత్యక్రియలు చేశారు. మామూలు రోజుల్లో ఏ చెయ్యి తగిలితే మైల అన్నారో, చావు రోజున ఆ చెయ్యే కావాల్సి వచ్చింది. తేడా ఒకటుంది. ఈసారి ఆ చెయ్యి వెట్టికి రాలేదు. సంఘం కట్టి, తన ఇష్టంతో, తలెత్తుకుని వచ్చింది. పొలి చల్లడానికి పంపితే పోయిన మనిషికీ, దళం కట్టి రోగి దగ్గరికి నడిచిన మనిషికీ మధ్య ఉన్న దూరమే మన ఉద్యమ చరిత్ర.

1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. అది గాలిలో వచ్చే జబ్బు. గాలికి కులం లేదు కదా, అందరూ సమానంగా చచ్చి ఉండాలి కదా? బొంబాయి నగర ఆరోగ్య శాఖ అప్పటి లెక్క చూడండి. ప్రతి వెయ్యి మందికి యూరోపియన్లలో 8.3 చావులు. పార్సీల్లో 9. ఇతర హిందువుల్లో 18.9. ఆ లెక్కల్లో ‘తక్కువ కులాల హిందువులు’ అని రాసినవాళ్లలో 61.6.

ఒకే ఊరు. ఒకే వైరస్. ఏడు రెట్ల తేడా. వైరస్ మనల్ని ఏరుకోలేదు. కిటికీ లేని గదిలో పదిమంది, కడుపులో తిండి లేని ఒళ్లు, మంచాన పడితే నీళ్లు ఇచ్చే మనిషి లేకపోవడం, జ్వరంతోనే పనికి పోవాల్సి రావడం, ఇవి ఏరాయి. అందుకే విద్యార్థి మిత్రులకి చెబుతున్నాను, ‘జబ్బుకి కారణం ఏమిటి’ అని అడిగితే సూక్ష్మజీవి పేరు రాసి ఊరుకోకండి. ఆ జవాబు సగమే. ఆ సూక్ష్మజీవి నడిచే దారి ఒకటి ఉంటుంది. ఆ దారి మీద ఎవరి ఇల్లు కట్టించారన్నది మిగతా సగం.

*

2020కి వద్దాం. అది మనం చూసిందే.

మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. నూట ఇరవై మూడేళ్ల కిందటి అదే 1897 చట్టాన్ని బయటికి తీశారు. మన జహీరాబాద్ పక్కనుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద బొంబాయి వైపు, హైదరాబాద్ వైపు నడిచిన కాళ్లని మనం చూశాం. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో వలస కూలీల్ని రోడ్డు మీద కూర్చోబెట్టి ఒంటి మీద బ్లీచింగ్ కలిపిన మందు కొట్టారు. విమానంలో వచ్చిన జబ్బుకి, కాలినడకన పోయేవాళ్లని కడిగారు.

‘సామాజిక దూరం’ అనే మాట ఆ రోజుల్లో ప్రతి గోడ మీదా ఉంది. ఆ మాట విన్నప్పుడు మన ఇళ్లల్లో ఎవరికీ కొత్తగా అనిపించలేదు. మా అవ్వ బతికి ఉంటే నవ్వేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చిలోనే ‘భౌతిక దూరం’ అనడం మొదలుపెట్టింది. మనవాళ్లు చాలామంది పాత మాటే పట్టుకున్నారు. అప్పుడు నేను అద్దెకున్న ఇంటి ఓనరు గేటు దగ్గర నిలబడి, “మీ అమ్మగారు వాడలో ఉంటారు కదమ్మా, కొన్నాళ్లు రాకుండా చూసుకోండి” అన్నాడు. ఆ వారమే ఆయన ఇంటికి హైదరాబాద్ నుంచి కారులో చుట్టాలు వచ్చారు. వాళ్లకి ఆ మాట చెప్పలేదు.

ఇంకో సంగతి. కరోనా గాలిలో కూడా వ్యాపిస్తుందని గుర్తించమని 2020 జూలైలో 239 మంది శాస్త్రవేత్తల మద్దతుతో ఒక బహిరంగ లేఖ రావాల్సి వచ్చింది. అప్పటిదాకా లోకమంతా కూరగాయలు కడుగుతూ, తలుపు గడియలు తుడుస్తూ ఉంది. తాకితేనే జబ్బు అనే పాత భయం శాస్త్రంలో కూడా అంత తొందరగా పోదు. అయితే శాస్త్రానికి ఒక మంచి గుణం ఉంది. తప్పని తేలితే మారుతుంది. చెడు గాలి అన్నది నీళ్లని ఒప్పుకుంది, దోమని ఒప్పుకుంది. మళ్లీ అవసరమైనప్పుడు గాలిని కూడా ఒప్పుకుంది. మనకి కావాల్సింది ఆ గుణం. కులం ఎన్ని రుజువులు వచ్చినా ఒక్క మెట్టు దిగలేదు.

*

ఆ అమ్మాయికి మరుసటి రోజు క్లాసులోనే జవాబు చెప్పాను. ఒంటరిగా పిలిచి చెబితే అది ఓదార్పు అవుతుంది. ఆమె అడిగింది ఓదార్పు కాదు.

బోర్డు మీద రెండు గీతలు గీశాను. ఒకవైపు జబ్బులు, ఒకవైపు దారులు. కలరా, టైఫాయిడ్: నీళ్లు. మలేరియా, డెంగీ: దోమ. ప్లేగు: ఎలుక మీది పురుగు. టీబీ, కరోనా: ఊపిరి. దొమ్మ: చచ్చిన పశువు రక్తం, తోలు. పిల్లలే చెబుతుంటే రాశాను. తర్వాత అడిగాను, “ఈ దారుల్లో కులం అనే దారి ఎక్కడైనా ఉందా?” ఎవరూ మాట్లాడలేదు. “మరి ఈ దారులన్నిటికీ అడ్డంగా రోజూ నిలబడేది ఎవరు? మోరీ తీసి, చెత్త ఎత్తి, నీళ్లు నిలవకుండా చేసి, దోమ పుట్టకుండా చూసేది ఎవరు?” ఆ ఇద్దరు స్నేహితురాళ్లు తల దించుకున్నారు. నేను వాళ్ల పేర్లు ఎత్తలేదు.

డెంగీ దోమ మంచి నీళ్లలో గుడ్లు పెడుతుంది. మోరీలో కంటే మన ఇంటి కూలర్లో, పూలకుండీ కింది పళ్లెంలో, మూత లేని డ్రమ్ములో ఎక్కువ. అంటే ఆ పిల్ల వాళ్లమ్మ చేతుల నుంచి కాదు, మూత పెట్టని ఇళ్ల నుంచే జ్వరం లేస్తోంది. ఆ మాట కూడా చెప్పాను. చెప్పి అడిగాను, “ఆ అమ్మ చేతికి గ్లౌజులు ఎవరివ్వాలి? కాలికి బూట్లు ఎవరివ్వాలి? జ్వరం వస్తే జీతంతో సెలవు ఎవరివ్వాలి?”

అప్పుడు ఆ అమ్మాయి లేచి, “అయితే మేడం, రెండు అంటులూ ఒకటి కావు” అంది.

కావు. ఒకటి సబ్బుతో, టీకాతో, మంచి నీళ్లతో, గాలి ఆడే ఇంటితో పోతుంది. రెండోది వీటితో పోదు. కానీ రెండోది పోకుండా మొదటిది కూడా పూర్తిగా పోదు. బావి అందరిదీ కానంతవరకు గత్తర ఊరు విడిచి పోలేదు.

మిత్రులారా, ఈసారి మీ ఊర్లో ఏ జబ్బు వచ్చినా ‘ఎవరి వల్ల వచ్చింది’ అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నని అక్కడే ఆపండి. ‘ఏ దారిన వచ్చింది, ఆ దారి మీద ఎవరిని నిలబెట్టారు’ అని అడగండి. ఆ ప్రశ్నని పంచాయతీ ఆఫీసు దాకా, మున్సిపాలిటీ దాకా తీసుకెళ్లండి. మీ అవ్వలు, తాతలు చెప్పే గత్తర కథలు, అమ్మవారు పోసిన కథలు ఫోన్లో రికార్డు చేసుకోండి. మన చావుల లెక్క ఎవరూ రాయలేదు. మనమే రాసుకోవాలి.

వచ్చే వారం మశూచి, టీకా, పోచమ్మ గురించి రాస్తాను.

జై భీమ్. జై సావిత్రీబాయి.